ఊ కొట్టిన వేలు

తిమ్మాయికుంటలో వాట్సాప్ గ్రూపు పెట్టిననాడు దాని పేరు ‘గ్రామ సమాచారం’. కరెంటు ఎప్పుడు పోతుందో, పింఛన్లు ఎప్పుడిస్తారో, పశువుల డాక్టరు ఏ వాడకు వస్తాడో చెప్పుకోవడానికని సర్పంచ్ మొగులప్ప దాన్ని పెట్టించాడు. నెల తిరక్కముందే కరెంటు సంగతి అడిగే దిక్కు లేకుండా పోయింది. ఢిల్లీ గద్దె మీద ఎవరుండాలి, హైదరాబాద్‌లో ఎవరు దిగిపోవాలి, డాలరు ఎందుకు ఎగబాకుతోంది, ఎండలు ఎందుకిలా చంపుతున్నాయి అన్నవి తేల్చే భారం ఆ గ్రూపు నెత్తిన పడింది. యాలాల్ నుంచి ఆ ఊరికి బస్సు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. అలాంటి ఊళ్ళో కూర్చుని లోకాన్ని మరమ్మతు చేయడానికి జనం తిండి కూడా వాయిదా వేసుకునేవారు.

ఆ గ్రూపులో ఎవరు ఏం పెట్టినా కాసేపటికి దాని కింద ఒక బొటనవేలు లేచేది. పొద్దుటి పూల బొమ్మకు వేలు. కందికి ఎండు తెగులు తగిలిందంటే వేలు. ఫలానా ముసలమ్మ పోయిందని కబురొస్తే దానికీ వేలే. కొత్తలో కొందరికి కోపాలొచ్చాయి. తర్వాత అలవాటైపోయి, ఆ వేలు పడకపోతేనే తమ మెసేజ్ పోలేదేమోనని అనుమానపడసాగారు.

ఆ వేలు బీరన్నది. గొర్రెలు కాసే కురుమ వాడకు ఆయన పెద్దమనిషి. వాడలో తగవు వస్తే ఆయన ఇంటి అరుగు మీదే తెగుతుంది. ఆయన ఎటు లేస్తే వాడ అటు లేస్తుంది. చదువు మాత్రం అక్షరం రాదు. రేషన్ దుకాణంలో, బ్యాంకులో, పింఛను దగ్గర, బతుకంతా వేలిముద్రతోనే నెట్టుకొచ్చాడు. ఫోను కొనిచ్చింది కూతురు అశ్విని. మాట్లాడిన మెసేజ్‌లు ఎలా వినాలో ఒక ఆదివారం కూర్చోబెట్టి నేర్పింది. వేలి బొమ్మను మాత్రం ఆయన సొంతంగా కనిపెట్టుకున్నాడు. గొర్రెల వెంట గుట్టెక్కి, ఫోను చొక్కా జేబులో వేసుకుని, గ్రూపులో వచ్చిన గొంతులన్నీ వరసగా వినేవాడు. వినేవి ఉంటే విని వేలు పెట్టేవాడు. రాతలుంటే, అదెవరో ఏదో చెప్పుకుంటున్నారులే పాపం అని వాటికీ పెట్టేవాడు.

అశ్విని వికారాబాద్‌లో ఒక ప్రైవేటు ల్యాబులో రక్తం తీసే పని చేస్తుంది. పొద్దున ఊరి నుంచి తాండూరుకు, తాండూరు నుంచి రైల్లో వికారాబాద్‌కు, సాయంత్రం మళ్ళీ అదే దారిలో వెనక్కి. ఆ రైలే ఆమెకు రాసుకునే కచేరీ. కిటికీ దగ్గర సీటు దొరికిందంటే ఫోను తీసి, రెండు బొటనవేళ్ళతో టైపు చేయడం మొదలుపెట్టేది. పేపర్లు చదువుతుంది, వీడియోలు చూస్తుంది, వాటిలోని మాటలను పోగుచేసుకుంటుంది. గ్రూపులో ఆమెంత పొడుగు మెసేజ్ పెట్టేవాళ్ళు లేరు. ‘మరింత చదవండి’ అనే గీత కింద ఆమె రాతలో ముప్పాతిక వంతు ఎప్పుడూ దాగే ఉండేది. ఆ గీతను నొక్కినవాళ్ళు ఊళ్ళో ఉన్నారని ఆమె నమ్మకం. నమ్మకానికేం, ఎంతైనా పెట్టుకోవచ్చు.

ఆమె అంతగా మండిపడటానికి కారణం ఊరి వెనక గుట్ట. సర్కారు కాగితాల్లో అది ఎవరిదీ కాదు. మేత మాత్రం తాతల నాటి నుంచీ కురుమ వాడది. పరికి పొదలు, బలుసు పొదలు, వాన పడితే మోకాలెత్తు గడ్డి. కాలం కాని ఏడు కూడా గొర్రెలు ఆ గుట్ట మీద ప్రాణం నిలుపుకునేవి. ఇప్పుడు ఆ గుట్టను ఎవరో కాంట్రాక్టరుకు కంకర క్రషర్ కోసం ఇస్తారనే మాట బయటికొచ్చింది. గ్రామసభ ఒప్పుకుంటే చాలట. గుట్ట పోతే మంద పోతుంది, మంద పోతే నాయిన ఏమవుతాడో ఆమెకు ఊహకే అందేది కాదు. ఆ భయంతోనే రాయడానికి కూర్చునేది. కూర్చున్నాక మాత్రం ఇంకోలా వచ్చేది.

“మిత్రులారా, భూతాపం కారణంగా రుతుపవనాల గమనం మారుతున్నదని శాస్త్రవేత్తలు హెచ్చరిస్తున్నారు. కొండప్రాంతాలు స్థానిక పర్యావరణ సమతుల్యతకు, భూగర్భజలాల పునరుద్ధరణకు ఆధారభూతాలు. అభివృద్ధి పేరిట జరుగుతున్న విధ్వంసాన్ని ప్రశ్నించాల్సిన తరుణమిది.”

ఇలా మొదలయ్యేది. దీని మీద మొదట పడేవాడు జంగప్ప. ఈ ఊరివాడే, కొడంగల్‌లో పురుగుమందుల దుకాణం పెట్టుకున్నాడు. గిరాకీ లేని మధ్యాహ్నాలన్నీ గ్రూపులోనే గడుపుతాడు.

“గీ శాస్త్రవేత్తలకు ఏం ఎరుక? మా తాత కాలంల గూడ ఎండలు కొట్టినయ్. అప్పుడెవడన్న కార్బన్ అన్నడా? గిదంత ఫారినోళ్ళ కుట్ర” అని రాసేవాడు. దాని మీద ఇంకొకరు తమ పార్టీ ఏలినప్పుడు చెరువులెలా నిండాయో చెప్పేవారు. మరొకరు లేచి, “వానను గూడ మీ పార్టోళ్ళే తెచ్చిన్రా?” అని అడిగేవారు. అక్కడి నుంచి డాలరు మీదికి, డాలరు నుంచి కులం మీదికి, కులం నుంచి ఎవరి తాత ఎవరి దగ్గర పాలేరు అన్నదాని మీదికి పోయేది. గుట్ట సంగతి నడుమ దారిలో ఎక్కడో రాలిపోయేది. ఈ గోల నడుమ ఎవరో ఒకరు శుభోదయం పువ్వు పెట్టి పోయేవారు, సాయంత్రమైనా సరే.

మహేందర్ రాసేవాడు కాదు. అశ్వినితో పాటు యాలాల్ బడిలో పదోదాకా చదివాడు. ఇప్పుడు తాండూరులో ఎవరిదో టిప్పర్ నడుపుతాడు. చేతిలో స్టీరింగు ఉంటుంది కాబట్టి మాట్లాడి పంపేవాడు. ఒకరోజు ఆమె పొడుగు మెసేజ్‌కు జవాబుగా అతని గొంతు వచ్చింది. వాయిస్ మెసేజ్‌లంటే అశ్వినికి చిరాకు. చదువుకున్నవాళ్ళు రాసుకుంటారు, రానివాళ్ళే మాట్లాడి పంపుతారని ఆమె లెక్క. ఆ రోజెందుకో విన్నది.

“అశ్వినీ, నువ్వు మస్తు రాస్తవ్. సదువుడు నాతోని కాదు గని ఒక్కటి అడుగుత. నువ్వు కూసునే ల్యాబుల ఏసీ ఉన్నదా లేదా? మీ ఇంటి స్లాబుల పోసింది కంకరనా, మబ్బులా? గుట్ట మంచిదే, ఎవరు గాదన్నరు? మన పోరగాళ్ళు పటాన్‌చెరు పోయి కంపెనీల గేట్లకాడ నిలవడుతున్నరు. ఆ గేటేదో మన ఊర్లనే ఉంటె పొద్దుమీకి ఇంటికొచ్చి అన్నం తింటరు గద. నీకు గుట్ట ఫికరున్నది, నాకు గా పోరగాళ్ళ ఫికరున్నది. గంతే.”

అతని మాటల్లో మోసం లేదని అశ్వినికి తెలుసు, అందుకే ఇంకా ఒళ్ళు మండింది. జవాబు వెతుక్కుంటూ కిందికి చూస్తే ఆ వాయిస్ కింద నాయిన వేలు. దానికి కొంచెం పైన, ఆమె మెసేజ్ కింద కూడా నాయిన వేలే. ఇన్నాళ్ళూ తన రాతల కింద ఆ వేలు కనబడినప్పుడల్లా నాయిన తన పక్షాన ఉన్నాడని లోలోపల మురిసిపోయేది. అప్పటికే ఎవడో పళ్ళికిలించే బొమ్మలు నాలుగు పెట్టి, “కురుమ వాడ పెద్దమనిషే ఊ అన్నడు, ఇంకేంది లొల్లి?” అని రాశాడు.

ఇంటికొచ్చేసరికి తల్లి జంగమ్మ జొన్నరొట్టె చేస్తోంది. బీరన్న కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. అశ్విని బ్యాగు కూడా దించలేదు.

“నాయినా, మహేందర్‌దానికి వేలెందుకు వెట్టినవ్?”

“మాట్లాడిండు గద బిడ్డా.”

“మాట్లాడితే పెడ్తవా? వాడు గుట్ట పలగ్గొట్టాల్నంటున్నడు!”

“అననియ్యి. మనిషి ముచ్చట జెప్తుంటె ఎదురుంగ కూసున్నోడు ఊ కొట్టాలె. కొట్టకుంటె గా మనిషిని గోడను జేసినట్టు” అన్నాడు బీరన్న, రొట్టె తుంపుకుంటూ. “గా ఫోన్ల జూస్తె అందరు చెప్పెటోళ్ళే. ఇనెటోడు ఒక్కడు లేడు. ఒకని మాట మీద ఇంకొకడు పడుడే. అందుకని నేను ఊ కొడ్తున్న.”

“ఫోన్ల గట్ల ఉండదు నాయినా. వేలు పెట్టినవంటే ఒప్పుకున్నట్టే.”

“ఎవలు జెప్పిన్రు?”

“అందరికి తెల్సు.”

“నాకు తెల్వదు గద. నేను అందర్ల లేనా? ఊ కొట్టుడు వేరు, ఊ అనుడు వేరు. సిన్నప్పుడు నీకు కథలు జెప్తుంటె ఊ కొడుతుంటివి. రాచ్చసి పిల్లగాన్ని మింగిందంటె గూడ ఊ కొట్టినవ్. మింగమని ఊ అన్నట్టా?”

జంగమ్మ పక్కున నవ్వింది. అశ్వినికి నవ్వు రాలేదు. “నువ్వు గీ ముచ్చట్లు పక్కకు పెట్టు. రేపటిసంది నాయి తప్ప ఎవ్వలయి పెట్టకు” అంది.

“నీయి ఏవో నాకెట్ల ఎరుకైతది?”

ఆమె అప్పటికే జంగప్పకు జవాబు టైపు చేస్తోంది. “అయితే ఎవ్వలయి పెట్టకు, అయిపాయె” అంది, తలెత్తకుండానే.

బీరన్న పెట్టడం మానేశాడు. మాట అంటే మాటే ఆయనకు. అయితే ఊరికి అది పెద్ద వార్త అయింది. బావి దగ్గర, దుకాణం దగ్గర, ఎదురుపడ్డ ప్రతివాడూ అడగడమే. “ఏందన్నా, కోపమొచ్చిందా? ఊ కొడ్తలేవు” అని ఒకరు. “పానం బాగలేదా మామా?” అని ఒకరు. కూతురు వద్దన్నదని చెప్పడం ఆయనకు నామోషీ. గుట్ట మీద గొంతులు వింటూ కూర్చుంటే వేలు దానంతటదే లేచేది. మళ్ళీ ముడుచుకునేవాడు. మనుషులు మాట్లాడుతుంటే మొహం తిప్పుకుని కూర్చున్నట్టు ఉండేదట ఆయనకు. ఈ సంగతి జంగమ్మతో చెప్పుకున్నాడు. కూతురితో చెప్పలేదు.

గ్రామసభ తేదీ వచ్చింది. ముందురోజు పొద్దున అశ్విని చెప్పులేసుకుంటూ, “నాయినా, రేపు సభల లేచి వద్దని చెప్పాలె. నువ్వంటే వాడంత అంటది. నేను లీవు పెడుతున్న” అంది.

“అంట. ఎందుకొద్దని అడిగితె ఏం జెప్పాలె? మహేందర్ జెప్పే పోరగాళ్ళ ముచ్చట గూడ కొట్టేసేటట్టు లేదు బిడ్డా.”

“అదంత గ్రూపుల రాసిన నాయినా, ఒక్కొక్కదానికి జవాబు రాసిన. నువ్వు వద్దను చాలు. నాకు బండి పోతది” అని ఆమె రోడ్డు మీదికి పరుగెత్తింది.

ఆ సాయంత్రం వికారాబాద్‌లో రైలెక్కేసరికే జంగప్ప కాచుకుని ఉన్నాడు. హిమాలయాల్లో మంచు కరగడం లేదు, పెరుగుతోంది అని ఎక్కడిదో వీడియో పెట్టాడు. అశ్వినికి పూనకం వచ్చింది. మంచు గురించి ఆమె చదివినదంతా ఒక్కపెట్టున తన్నుకొచ్చింది. ధారూరు దాకా కొట్టుకున్నారు ఇద్దరూ. జంగప్ప వెనకడుగు వేస్తున్నాడు, ఇంకొక్క దెబ్బ వేస్తే నోరు మూస్తాడు, సరిగ్గా అప్పుడు నడుమ మహేందర్ వాయిస్ ఒకటి వచ్చి పడింది. మూడు నిమిషాల పొడుగుంది. ఆమె వినలేదు. వేలితో పైకి తోసేసింది. తోస్తున్నప్పుడే దాని కింద నాయిన వేలు లేవడం కనిపించింది. అబ్బా, మళ్ళీ మొదలుపెట్టాడా, ఇంటికెళ్ళి చెప్తా అనుకుంది. అనుకుని హిమాలయాల దగ్గరికి తిరిగి పోయింది.

రుక్మాపూర్ దగ్గర సిగ్నల్ పోయింది. తాండూరులో దిగాక ఫోను ఒకటే మోత. చూస్తే మహేందర్ వాయిస్ కింద వేళ్ళు. నాయిన తమ్ముడిది, మేనబావలది, వాడలో ఫోను ఉన్న ప్రతి ఇంటిదీ. పెద్దమనిషి పెట్టాడు కదా అని వరసగా అందరూ పెట్టారు. అశ్విని ప్లాట్‌ఫారం మీద బల్ల చూసుకుని కూర్చుని, అప్పుడు ఆ వాయిస్ చెవి దగ్గర పెట్టుకుంది.

“బీరన్న మామా, నమస్తె. నేను మహేందర్‌ని. నా మీద కోపమొచ్చిందా ఏంది మామా? ఊ కొడ్తలేవు. నువ్వు ఊ కొట్టకుంటె మాట్లాడబుద్ధి గూడ అయితలేదు. ఇంటున్నవా మామా?” అక్కడ కొంచెం ఆగాడు. ఆ తర్వాతే మొదలుపెట్టాడు. రేపు సభ ఉన్నదని, గుట్ట కంకరకు ఇస్తే వాడలో ఇంటికొక్కరికి పని ఇప్పిస్తానని కాంట్రాక్టర్ మాట ఇచ్చాడని, వాడ పెద్ద ఒప్పుకుంటే ఊరంతా ఒప్పుకున్నట్టేనని, సమ్మతమైతే ఒక్క వేలు పెట్టమని.

ఇల్లు చేరేసరికి బీరన్న గొర్రెలను దొడ్డిలోకి తోలుతున్నాడు. కూతురి మొహం చూసి గడియ పెట్టడం ఆపాడు.

“ఇంటున్నవా మామా అన్నడు బిడ్డా. పాపం బతిలాడినట్టు అడిగిండు. ఇంటున్న అని ఎంబడే వెట్టిన. మిగిలింది అటెంకల ఇన్న. గా వేలు తీసుడెట్లనో నాకు రాలె.”

ఆమె ఫోను లాక్కుని ఆ వేలు తీసేసింది. గ్రూపులో పొడుగ్గా రాసింది, ఇది అంగీకారం కాదని, పొరపాటుగా పరిగణించాలని, ప్రజాస్వామ్య ప్రక్రియను అపహాస్యం చేయవద్దని. ‘మరింత చదవండి’ గీత కింద ఆ సంగతి కూడా దాగిపోయింది. పైకి కనిపించిన నాలుగు వరసల్లో ప్రజాస్వామ్యం ఒక్కటే ఉంది. మొగులప్ప అప్పటికే వేళ్ళన్నీ కనిపించేలా తెరను ఫొటో తీసుకున్నాడు. మహేందర్‌కు ఫోను చేస్తే, “నేను అడిగిన, మామ ఊ అన్నడు. నేను మోసం జెయ్యలే అశ్వినీ, ఒట్టు” అన్నాడు. అది కూడా నిజమే అయ్యుంటుంది.

మర్నాడు బడి ఆవరణలో షామియానా వేశారు. జిల్లా నుంచి ఒక అధికారి వచ్చాడు. చల్లటి నీళ్ళ సీసా, ముందు ఒక ఫైలు. మొగులప్ప ఫోను ఆయన ముందు పెట్టి, కురుమ వాడ నిన్ననే సమ్మతి తెలిపిందన్నాడు. అధికారి అది చూసి, ఫోన్లలో కాదు, నోటితో చెప్పమనండి అన్నాడు. అశ్వినికి ఒక్క క్షణం ఆశ పుట్టింది. నాయిన వైపు చూసింది. బీరన్న లేచి నిలబడ్డాడు.

“సారూ, నేను ఊ కొట్టిన. ఊ అనలే.”

షామియానా కింద నవ్వులు లేచాయి. వెనక నుంచి ఎవడో, “రెండింటికి ఫరక్ ఏంది మామా?” అని అరిచాడు.

“ఫరక్ ఉన్నది. ఒకటి ఇనుడు, ఒకటి ఒప్పుడు.”

“పెద్దాయనా, విన్నందుకు ఎవరైనా వేలు పెడతారా?” అన్నాడు అధికారి. ఎగతాళిగా కాదు, ఓపిగ్గానే అడిగాడు. “సరే, ఇప్పుడు చెప్పండి. మీకు అభ్యంతరం ఉందా? ఉంటే ఎందుకో చెప్పండి, రాసుకుంటాను.”

“వద్దు సారూ.”

“ఎందుకు వద్దు?”

బీరన్న నోరు తెరిచాడు. “గొర్లు...” అన్నాడు. ఆగాడు. పోరగాళ్ళ కంటే గొర్రెలు ఎక్కువా అంటే ఏమనాలో తెలియక కూతురి వైపు చూశాడు. అశ్విని లేచి, భూగర్భజలాల పునరుద్ధరణ గురించి, రుతుపవనాల గమనం గురించి గబగబా చెప్పడం మొదలుపెట్టింది. అమ్మా, అవన్నీ ప్రభుత్వం దృష్టిలో ఉన్నాయి, ఊళ్ళో వాళ్ళ ఇబ్బంది చెప్పండి అన్నాడు అధికారి. ఆమె మాట తడబడింది. వాడవాళ్ళు బీరన్నను చూశారు, ఆయన నిలబడీ మాట్లాడకపోవడం చూశారు, తల వంచుకున్నారు. అప్పటికే వేళ్ళు పెట్టి ఉన్నారు. పెట్టిన వేలు కాదంటే ఏ కేసు అవుతుందోనని లోపల భయం. మొగులప్ప తీర్మానం చదివించాడు. చదివిన తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడాన్ని అధికారి సమ్మతిగా రాసుకున్నాడు.

దసరాకు ముందు గుట్ట మీద మొదటి పేలుడు అయింది. ఇళ్ళ గోడలు అదిరాయి. దుమ్ము వచ్చి గడ్డి మీద, నీళ్ళ తొట్ల మీద, ఆరేసిన బట్టల మీద తెల్లగా పేరుకుంది. మిగిలిన బీడులో గొర్రెలు దగ్గుతూ తిరిగేవి. ఇంటికొక్క ఉద్యోగం అన్నది ఇద్దరు వాచ్‌మన్ల దగ్గర ఆగింది. మిషన్ల మీద పనికి దూర రాష్ట్రాల నుంచి మనుషులను దించారు. కాంట్రాక్టర్ సొంత టిప్పర్లే తెచ్చుకున్నాడు. మహేందర్ గొంతు గ్రూపులో వినబడటం మానేసింది. పటాన్‌చెరు బస్సు ఎక్కాడని ఎవరో చెప్పారు.

చించోలి వైపు నుంచి కన్నడం మాట్లాడే బేరగాళ్ళు వచ్చి వాడలో మందలు ఒక్కొక్కటీ తోలుకుపోయారు. బీరన్న మంద కూడా పోయింది. బేరం ఎంతకు తెగిందో ఆయన ఎవరితోనూ అనలేదు. ఆ రోజు నుంచి పొద్దున లేచి, మొహం కడుక్కుని, అరుగు మీద కూర్చోవడమే పని. ఎక్కడికీ పోయేది లేదు. ఫోను చార్జింగ్ లేక అలమరలో పడి ఉంది.

గ్రూపు మాత్రం పచ్చగానే ఉంది. దుమ్ము ఏ పార్టీ చలవ అని కొన్నాళ్ళు కొట్టుకున్నారు. జంగప్ప, దుమ్ము వల్ల దోమలు తగ్గుతాయని కొడంగల్ నుంచి రాశాడు. అశ్విని పట్టు విడవలేదు. పైగా ఇప్పుడు ఆమె రాతల్లో ఒక కొత్త ఉషారు వచ్చింది. తను ముందే చెప్పిన ప్రతిదీ జరిగింది కదా. పాత మెసేజ్‌లు బయటికి తీసి, తేదీలతో సహా పెట్టి, అప్పుడు ఎవరు కాదన్నారో పేరు పేరునా నిలదీసేది. గెలుస్తున్నట్టే ఉండేది ఆమెకు. ఏం గెలుస్తోందో అడిగితే చెప్పలేకపోయేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అరుగు మీద నాయిన పక్కన కూర్చుని అదే పనిలో ఉంది. గుట్ట వైపు నుంచి మిషన్ చప్పుడు ఆగకుండా వస్తోంది.

“ఏం రాస్తున్నవ్ బిడ్డా?” అన్నాడు బీరన్న.

“క్రషర్ గురించి నాయినా. గిట్లయితదని మొదటిసంది నెత్తి నోరు కొట్టుకుని చెప్పిన. ఒక్కలన్న ఇన్నరా?”

“ఎవలకు జెప్పినవ్?”

“అందరికి.”

“నాకైతే జెప్పలే” అన్నాడు ఆయన.

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే ఆమెకు సులువుగా ఉండేది.

“మహేందర్ నోటితోని మాట్లాడిండు. నేనిన్న. నువ్వు రాసినవ్. నాకు అక్షరం రాదని నీకెరుకనే గద బిడ్డా. గీ అరుగు మీదనే, నా పక్కపొంటి కూసోనే రాస్తుంటివి. నాయినా, గుట్టకు గిట్లయితది, మనకు గిట్లయితది అని ఒక్కనాడన్న నాకు ఇనిపియ్యకపోతివి. సారు ఎందుకొద్దు అని అడిగితె నా నోట్ల ఏం లేకపాయె.”

తను లోకమంతటితో కొట్లాడింది, పక్కన కూర్చున్న మనిషిని వదిలేసి. ఆ సంగతి అశ్వినికి ఇప్పుడు తెలిసింది, మంద తోలుకుపోయాక. “ఇప్పుడు సదువుత నాయినా, ఇను” అంది. గబగబా పాత మెసేజ్‌ల దాకా పైకి జరిపింది. కళ్ళు తుడుచుకుని, అన్నిటికంటే మొదట రాసినది చదివింది. భూతాపం, రుతుపవనాల గమనం, పర్యావరణ సమతుల్యత. ఆయన ముందుకు వంగి, చెవి ఇటు తిప్పి, పరీక్షగా విన్నాడు. ఆమె రెండోది చదివింది. మూడోది చదివింది. ఒక్కోటి చదువుతున్నకొద్దీ ఆమె గొంతు సన్నబడింది.

“మంచిగున్నది బిడ్డా” అన్నాడు బీరన్న చివరికి, మర్యాదగా. “గిండ్ల మన గుట్ట ఏడున్నది?”

అశ్విని తెర మీద వేలితో కిందికి జరిపింది, ఇంకా కిందికి జరిపింది. ఏడాది రాతలు కళ్ళ ముందు పరుగెత్తాయి. నాయినకు చదివి వినిపిస్తే అర్థమయ్యే వాక్యం ఒక్కటైనా ఉంటుందని వెతికింది. లేదు.